మగ్గిన తీగలు

ఆ ఇంట్లో పాడటం అక్క వంతు, మాట్లాడటం చెల్లెలి వంతు. చిన్నప్పట్నుంచీ అంతే. చెల్లెలు నోరు తెరిస్తే మూతపడదని ఇంటిల్లిపాదీ ఆమెను వసపిట్ట అనేవాళ్ళు. పెద్దయ్యాక అసలు పేరు కాగితాల్లోనే మిగిలిపోయింది. అలాంటి మనిషి పోయిపోయి బేస్ గిటార్ నేర్చుకుంది. "పొద్దస్తమానం వాగే దానివి, పాటలో ఉన్నట్టే తెలియని వాయిద్యం పట్టుకున్నావేమే" అని బావ నవ్వేవాడు. బావ అంటే అక్క మొగుడు. డ్రమ్స్ వాయిస్తాడు, రికార్డింగ్ పని చూస్తాడు.

అక్కావాళ్ళ ఇంటి కింది గదిలో రికార్డింగ్. గోడలకు పాత పరుపుల ముక్కలు కొట్టి, కిటికీకి దుప్పట్లు బిగించారు. తలుపు వేశారంటే చెవుల్లో దూది పెట్టుకున్నట్టు వీధంతా ఆగిపోయేది. ఎన్నో ఏళ్ళు ఎవరెవరి వెనకాలో కోరస్ పాడిన అక్క, నలభై దాటాక మొదటిసారి తన సొంత పాటలు పాడుకుంటోంది. నెమ్మదైన పాటలు, జోలపాటల్లాంటివి. కింది స్థాయికి దిగినప్పుడు ఆమె గొంతు, ఎండ పడిన గోడకు సాయంత్రం వీపు ఆనిస్తే తగిలే వెచ్చదనంలా ఉండేది.

చిక్కంతా బేస్‌తోనే వచ్చింది.

"ఏమనుకోకు. అక్క పాడుతుంటే పక్కన నీ బేస్ గిన్నెలు సర్దుతున్నట్టుంది" అన్నాడు బావ, రికార్డు చేసింది వినిపిస్తూ.

వసపిట్టకి చురుక్కుమంది కానీ కాదనలేకపోయింది. ఉక్కు తీగలు. ప్రతి స్వరం చివరా ఓ లోహపు మెరుపు. వేళ్ళు తీగ మీద జరిగినప్పుడల్లా కీచుమన్న శబ్దం. గిటార్ మీది మీట తిప్పి పదును తగ్గించి చూసింది. తీగల కింద స్పాంజి ముక్క దోపి చూసింది. మీటే చోటు మార్చి, గిటార్ మెడకి దగ్గరగా బొటనవేలి కండతో వాయించి చూసింది. కాస్త మెత్తబడింది. ఆ కాస్త చాలలేదు. తీగలే మార్చాలి.

బట్టలు కుట్టే దుకాణం పక్క సందులో వాయిద్యాల కొట్టు ఉందని ఎవరో చెబితే, మర్నాడు మధ్యాహ్నం బేస్ భుజాన వేసుకుని వెళ్ళింది. ఇరుకు కొట్టు. చెక్క మైనం, తుప్పు కలిసిన వాసన. గల్లా వెనక సన్నగా, పొడుగ్గా ఓ మనిషి. ఉక్కగా ఉన్నా మెడకు మఫ్లర్ చుట్టుకున్నాడు.

వసపిట్ట తన కష్టమంతా ఏకరువు పెట్టింది. అక్క పాటల దగ్గర మొదలుపెట్టి, బావ ఎకసెక్కాల మీదుగా, స్పాంజి ముక్క దాకా. కొట్టతను మధ్యలో అడ్డు రాలేదు. అంతా విని, "ముట్టుకుని చూడండి" అన్నాడు. అది గొంతు కాదు. ఉత్త గాలి. గుసగుస.

నాలుగు రకాల తీగలు బల్ల మీద పరిచాడు. మొదటిది ఆమె వాడుతున్న లాంటిదే. లోపల సన్నటి ఉక్కు, దాని చుట్టూ గుండ్రటి తీగ చుట్ట. గోటితో గీస్తే బరబరమంది. రెండోది అందులోనే నికెల్ రకం, ఒక పాలు మెత్తన. మూడోదానికి చుట్టూ నల్లటి నైలాన్. దాని ధ్వని మరీ దుప్పటి కప్పుకున్నట్టుంది. నాలుగోది ఫ్లాట్‌వౌండ్. బద్దలా చదునైన తీగతో చుట్టింది. వేలు జారిస్తే అద్దం మీద జారినట్టు పోయింది.

"ఇదే నయం. కానీ కొత్తది కదా, ఇంకా బిరుసుగా ఉంది. దీనికన్నా వెచ్చగా పలికేది లేదా?"

అతను ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత వంగి, అట్టడుగు సొరుగులోంచి చదునైన రేకు డబ్బా తీశాడు. అందులో నాలుగు తీగలు, చుట్టలు చుట్టి దారంతో కట్టి ఉన్నాయి. పైన కాగితం లేదు, తయారుచేసినవాళ్ళ గుర్తు లేదు. ఇంతకుముందు ఎవరి బేస్‌కో బిగించి విప్పినవని చివర్ల వంపులు చూస్తేనే తెలుస్తోంది.

"వాడేసినవి అమ్ముతారా మీరు?"

"మగ్గిన తీగలమ్మా" అంది గుసగుస. "వీటికన్నా వెచ్చనివి లేవు."

"ఎవరు వాయించారు?"

అతను ఓ తీగకి కట్టిన దారం విప్పాడు. వసపిట్ట మనసులో ఏదో కలుక్కుమంది. దొంగ సరుకేమో. చచ్చినవాళ్ళ సామానేమో. అయినా వేలు పోనిచ్చింది. అంతే, ఆ నునుపు వదలబుద్ధి కాలేదు. తీగ గోరువెచ్చగా ఉంది.

"నేనుగా ఇవ్వను. కావాలని మీ నోటితో చెప్పండి" అన్నాడు.

ఇదేం బేరం అనుకుంది. "సరే, ఇవే కావాలి."

అతను కళ్ళు మూసుకున్నాడు. డబ్బు ఇవ్వబోతే చెయ్యి అడ్డంగా ఊపాడు. ఆమె గడప దాటేసరికి కొట్టు తలుపు మూసుకుంది. పట్టపగలు.

*

తీగలు మార్చాక మొదటి స్వరం వినగానే బావ చేతిలో పని ఆపేశాడు. ఇంక గిన్నెల మోత లేదు. మెరుపు లేదు, కీచు లేదు. స్వరం పుట్టి, గుండ్రంగా నిండి, నేలలోకి ఇంకినట్టు ఆగేది. "ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావే దీన్ని" అన్నాడు. అక్క వెనకనుంచి వచ్చి చెల్లెలి బుగ్గ గిల్లింది.

వారం రోజుల్లో సగం పాటలు పూర్తయ్యాయి. వసపిట్ట గమనించింది ఒకటే. అక్క పక్కన నిలబడి పాడుతుంటే, తను వాయించకపోయినా తీగలు సన్నగా అదిరేవి. అందులో వింతేం లేదు. ఒక స్వరం పలికితే దానికి శ్రుతైన తీగ కదలడం ఏ వాయిద్యంలోనైనా ఉన్నదే. అలా అనుకుని ఊరుకుంది. కాకపోతే అరచేత్తో అదిమినా ఆ అదురు ఆగేది కాదు. చేతి కింద... ఎవరిదో గొంతు మీద చెయ్యి వేసినట్టుండేది.

తర్వాత అక్క గొంతు చెడటం మొదలైంది.

ముందు కింది స్వరాలు పోయాయి. అక్కడికి దిగగానే గొంతు గాలిగా మారేది. తర్వాత మధ్య స్వరాలకి గరుకు పట్టింది. డాక్టరు గొట్టం పెట్టి చూసి, లోపల అంతా శుభ్రంగా ఉందని, మాట్లాడకుండా ఉండమని చెప్పి పంపాడు. మాట్లాడకపోయినా తగ్గలేదు. నెల తిరిగేసరికి అక్క సైగలు చేస్తోంది. గదిలో మైకు ముందు నిలబడి, నోరు తెరిచి, మూసి, తల దించుకుని మెట్లెక్కి పోయేది. 

ఆమెకు బావ మీద అనుమానం పుట్టింది.

ఒకసారి పుట్టాక అన్నీ దానికే అతుక్కున్నాయి. రోజూ పొద్దున్నే అక్కకి వేడినీళ్ళలో తేనె కలిపి ఇచ్చేది బావే. అందులో ఇంకేం కలుపుతున్నాడో. తను లోపలికి రాగానే ఫోన్ పెట్టేస్తున్నాడు. కింది గదికి కొత్త తాళం వేసి, తాళంచెవి తన జేబులోనే ఉంచుకుంటున్నాడు. పెళ్ళానికి పేరొస్తుంటే ఓర్వలేని మగాళ్ళని ఆమె కొంతమందిని చూసింది. బావ అలాంటివాడు కాడు. కానీ కాడని తను మాత్రం ఎలా చెప్పగలదు? ఒకరోజు అక్క గ్లాసు తీసుకుని తనే తాగి చూసింది. తేనె రుచే. ఏమీ కాలేదు. అయినా అనుమానం పోలేదు.

ఓ ముసురు పట్టిన సాయంత్రం ఆమె వచ్చేసరికి కింది గది తలుపు సందులోంచి వెలుతురు కనిపించింది. చప్పుడు చేయకుండా తోసింది. బావ హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఇటు వీపు పెట్టి కూర్చున్నాడు. 

"ఏం చేస్తున్నావ్ బావా ఇక్కడ?"

అతను ఉలిక్కిపడి లేచాడు. ఆమె ముఖం చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. వెనక్కి... ఆమెను చూసి భయపడ్డాడు.

"నేను నిన్ను అడగాలి" అన్నాడు. "ఏం చేశావే మీ అక్కని? ఈ నెలంతా నీ మీదే నా అనుమానం. తాళం నీకోసమే మార్చాను."

"నా మీదా?"

"ఇలా కూర్చో. విను."

హెడ్‌ఫోన్లు ఆమె చెవులకి పెట్టాడు. కంప్యూటర్ తెర మీద మిగతా వాయిద్యాలన్నీ ఆపేసి బేస్ ఒక్కటే ఉంచాడు. ఆమె వాయించిందే. గుండ్రంగా, వెచ్చగా నడుస్తోంది. బావ ధ్వని పెంచుతూ పోయాడు.

కింద ఇంకేదో ఉంది.

స్వరానికీ స్వరానికీ మధ్య ఖాళీలో... ముందు ఊపిరి అనుకుంది. తర్వాత కూనిరాగం. ఎవరో గదిలో ఓ మూల గోడకి తిరిగి నిలబడి, తమలో తాము పాడుకుంటున్నట్టు. అది అక్క గొంతు. అక్కకి ఇప్పుడు అందని కింది స్వరాలు. ఒక్కటీ పోకుండా అన్నీ అక్కడున్నాయి.

"మైకులో పడి ఉంటుంది" అంది వసపిట్ట. తన మాట తనకే నమ్మబుద్ధి కాలేదు.

"బేస్‌కి మైకు ఎక్కడుందే? తీగ కింద అయస్కాంతం, అక్కణ్ణుంచి నేరుగా వైరు. తీగ కదిలితే వింటుంది. మనిషి అరిచినా దానికి వినపడదు." బావ గొంతు తగ్గించాడు. "ఇంకా ఉంది. చివరిదాకా విను."

పాట అయిపోయింది. ఆఖరి స్వరం ఆగిపోయింది. ఆమె ఆ రోజు బేస్ పక్కన పెట్టినప్పుడు తీగలు కదిలిన చప్పుడు కూడా వినిపించింది. కూనిరాగం మాత్రం ఆగలేదు. కాసేపయ్యాక అది పాట మానేసి, చిన్నగా, ఎంతో అలసటగా, "నీళ్ళు... కాసిని నీళ్ళు..." అంది.

వసపిట్ట హెడ్‌ఫోన్లు లాగి పడేసింది. మూలన గోడకి ఆనించిన బేస్ తీగలు, ఎవరూ తాకకుండానే అదురుతున్నాయి.

*

మర్నాడు సందు మొదట్లోనే ఆమెకు ఓ మగ గొంతు వినిపించింది. బరువైన, నిండు గొంతు. బట్టలు కుట్టేవాడితో ఏదో చెప్పి పకపకా నవ్వుతోంది. దగ్గరికి వెళ్ళి చూసింది. ఆ నవ్వుతున్నది కొట్టతను. మెడకు మఫ్లర్ లేదు.

ఆమెను చూడగానే నవ్వు ఆపాడు. లోపలికి రమ్మని తల ఊపాడు.

"తిట్టండి. పడతాను" అన్నాడు.

"నా అక్క గొంతు నాకు కావాలి."

అతను గల్లా బల్లకి ఆనుకుని, ఆమె కళ్ళలోకి చూడకుండా చెప్పుకొచ్చాడు. "వాటిలో ఒక్క గొంతే పడుతుందమ్మా. దగ్గరగా ఎవరు ఎక్కువ పలికితే వాళ్ళది లాక్కుంటాయి. ఆ వెచ్చదనం తీగది కాదు. నాది నా చేతులారా పోయింది, తెలియక. మీ ఇంట్లో కొత్త గొంతు లోపలికి పోయిన రోజు నాది తిరిగొచ్చింది. అంతకుమించి నాకు తెలియదు. ఎవరు చేశారో, ఎందుకు చేశారో... అడక్కండి."

"తెంపేస్తే?"

"లోపలున్న గొంతు వాటితోనే పోతుంది. ఆ ధైర్యం లేకే ఇన్నేళ్ళు డబ్బాలో దాచుకున్నాను." గుమ్మం వైపు చూస్తూ, "వేరేవాళ్ళకి ఇచ్చేయండి. వెచ్చటి తీగలు కావాలని నెలకొకరైనా వస్తారు. నోటితో అడిగి తీసుకుంటే చాలు" అన్నాడు.

సరిగ్గా అప్పుడే ఓ కాలేజీ అమ్మాయి భుజాన బేస్ సంచితో గుమ్మంలోకి వచ్చింది. పక్కనున్న స్నేహితురాలితో కబుర్లు చెబుతూ, తన మాటకి తనే నవ్వుకుంటూ. వసపిట్ట ఆ పిల్ల వైపు చూసింది. చూపు తిప్పుకుని బయటికి వచ్చేసింది.

దారిలో ఆ మనిషి మాటల్ని అటూ ఇటూ తిరగేసి చూసింది. నిజమే చెప్పాడా? ఒకసారి మోసం చేసినవాడు రెండోసారి చేయడని ఏముంది? ఏదో దాచాడని మాత్రం గట్టిగా అనిపించింది. కానీ ఇంటి దగ్గర మెట్ల మీద అక్క కూర్చుని ఉంది. చెల్లెల్ని చూసి నోరు తెరిచింది. ఏమీ రాలేదు. నవ్వి ఊరుకుంది. ఆ నవ్వుతో ఇంక ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు.

బావకి అంతా చెప్పింది. అతను వద్దన్నాడు. చేతులు పట్టుకుని మరీ వద్దన్నాడు.

"అక్కకి గొంతే బతుకు బావా. నాకు వేళ్ళున్నాయిగా" అంది. "ఇన్నాళ్ళూ వాగింది చాల్లే. మీ చెవులకి కాస్త సుఖం."

అతను నవ్వలేదు. కళ్ళు తుడుచుకుంటూ మెట్లెక్కి వెళ్ళాడు.

ఆమె గది తలుపు వేసుకుంది. అప్పుడే కరెంటు పోయింది. పరుపుల ముక్కల్లోంచి చెమ్మ వాసన. చీకట్లో తడుముకుంటూ బేస్‌ని ఒళ్ళో పెట్టుకుని, తీగలకి నోరు దగ్గరగా చేర్చి, మాట్లాడటం మొదలుపెట్టింది.

ముందు ఏం చెప్పాలో తోచలేదు. జీవితంలో మొదటిసారి. తర్వాత చిన్నప్పుడు అక్కతో ఒకే దుప్పట్లో పడుకుని చెప్పుకున్న కబుర్లు గుర్తొచ్చాయి. అవి చెప్పింది. బళ్ళో బెంచీ ఎక్కించిన సంగతులు చెప్పింది. చుట్టాల నడకలు, దగ్గులు, గొప్పలు అనుకరించి చూపించింది. తీగలు వేడెక్కుతున్నాయి. పెదవికి తగిలితే జ్వరం వచ్చిన ఒంటిలా ఉంది. అదురు మోకాళ్ళ దాకా తెలుస్తోంది.

అప్పుడు పైనుంచి... సన్నగా... గొంతు సవరించుకున్న చప్పుడు. అక్క.

వసపిట్టకి ప్రాణం లేచొచ్చింది. ఇంకా వేగంగా మాట్లాడింది. మాట్లాడేకొద్దీ మాట పలచబడుతోంది. అంచులు అరిగిపోతున్నాయి. "ఒకసారి అక్కా నేనూ దారి తప్పిపోయాం" అని మొదలుపెట్టింది. "బాగా చీకటి పడింది. అక్క ఏడుస్తోంది. అప్పుడు నేను..."

గొంతు రాలేదు. గాలి వచ్చింది. ఆమె నోరు మూసుకుంది.

మాట ఆగలేదు.

"...అక్క చెయ్యి పట్టుకుని," అంది ఒళ్ళో ఉన్న బేస్, ఆమె గొంతుతో, నెమ్మదిగా, "ఇల్లు నాకు తెలుసులే, నా వెంట రా అన్నాను."

*

అక్క గొంతు పూర్తిగా తిరిగొచ్చింది. కింది స్వరాలతో సహా. వసపిట్ట ఆ తీగలు విప్పి డబ్బాలో పెట్టింది. బావ మూత చుట్టూ మైనం పోసి కింది గది బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఉక్కు తీగలు మళ్ళీ బేస్ ఎక్కాయి. మిగిలిన పాటలన్నీ వాటితోనే ముగించారు. చెల్లెలి గొంతు ఎందుకు పోయిందో అక్కకి ఇద్దరూ చెప్పలేదు. చలిగాలి పడలేదని, డాక్టరు మందులిచ్చాడని ఏదో సర్దారు. అక్క చెల్లెల్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని ఏడ్చింది. వసపిట్ట ఫోన్లో అక్షరాలు కొట్టి చూపించడం నేర్చుకుంది. అంగడివాళ్ళకి వేలు చూపించి బేరం చేయడం నేర్చుకుంది. ఇంట్లోవాళ్ళు మాత్రం పాత అలవాటు కొద్దీ వసపిట్ట అనే పిలిచేవాళ్ళు. 

పాటలు విడుదలయ్యాయి. నలుగురూ విన్నారు. బావ రికార్డింగ్ పని మీద పొరుగూరు వెళ్ళాడు. అక్క ఒక్కతే ఇంట్లో ఉంది.

ఆ సాయంత్రం వసపిట్ట కూరగాయల బజారులో ఉంది. అప్పుడప్పుడే దీపాలు వెలుగుతున్నాయి. ఫోన్ మోగింది. అక్క. మాట్లాడలేనిదానికి ఫోన్ ఎందుకు చేస్తుంది? ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది.

"ఎక్కడిదాకా వచ్చావే?" అక్క గొంతులో సంతోషం పట్టడం లేదు. "ఇందాక నువ్వు మాట్లాడి పెట్టేసినప్పట్నుంచి నా కాళ్ళు నేల మీద లేవు. గొంతొచ్చిందని ఒక్క ముక్క ముందు చెప్పొద్దా? ఎన్ని కబుర్లు చెప్పావే, పాతవన్నీ. నేను మరిచిపోయినవి కూడా."

వసపిట్ట చేతిలోంచి సంచి జారిపోయింది.

"నువ్వు చెప్పినట్టే గడియ తీసి ఉంచాను. దీపాలు కూడా ఆర్పేశాను. అదెందుకో మాత్రం అర్థం కాలేదు. ఏదో వేళాకోళమే అయ్యుంటుంది, నీ సంగతి నాకు తెలియదా."

ఆమె శక్తంతా కూడదీసుకుని అరిచింది. గడియ పెట్టు. అక్కా, గడియ పెట్టు. పెదవుల దాకా వచ్చింది గాలి. బజారు రొదలో అది కూడా కలిసిపోయింది.

"ఏమిటీ? గాలి చప్పుడే వినపడుతోంది... ఉండు, కింది గది వైపునుంచి ఎవరో మెట్లెక్కుతున్నారు."

అక్క మాట ఆగింది. ఫోన్లో తలుపు కిర్రుమంది. తర్వాత, గదిలోపలినుంచి, చాలా దగ్గరగా, వసపిట్ట తన గొంతు తను విన్నది. వెచ్చగా. మెత్తగా.

"ఎవరక్కా ఫోన్లో?"